మందలో పేరు

పొద్దున్నే పుష్ప దొడ్డి ఊడ్చేది. ఆమె పెనిమిటి అంజన్న గొర్రెపిల్లల మీద బోర్లించిన గంపలు ఎత్తేవాడు. వాళ్ల బిడ్డ నిరోష ఇంట్లో ఉన్న రోజుల్లో గడపలో కూర్చుని ఫోను చూసి గొర్ల పేర్లు చదివేది. మక్తల్ దాటినాక గుట్ట కింద ఉన్న ఆ ఇంట్లో ఈ మూడు పనులూ అయితే గానీ చాయ్ గిన్నె పొయ్యి ఎక్కేది కాదు. బొల్లి ఉంది. నల్లచెవి ఉంది. కుంటిది ఉంది, దాని పిల్లా ఉంది. ఫోను ఉన్నాయన్నవన్నీ దొడ్లో ఉండేవి. ఫోను మరిచిపోయినవి ఉండేవి కావు.

నిరోష మహబూబ్‌నగర్‌లో ఎంసీఏ చదువుతోంది. గొర్రె మొహం చూసి ఇది ఫలానాది అని చెప్పే ప్రోగ్రాం ఒకటి కిందటేడు రాసి దానికి 'మంద' అని పేరు పెట్టింది. గొర్లను లెక్కపెడితే దిష్టి తగులుతుందని ఆ ఇంట్లో తాతల నాటి నమ్మకం. అందుకని అది అంకె చెప్పదు, పేర్లే చెబుతుంది. బాగానే రాసింది పిల్ల. కాకపోతే దొడ్లోని మంద ఆ ప్రోగ్రాం మాట వినడం మొదలుపెట్టింది.

మొదటిసారి ఎలా తెలిసిందంటే, నిరోష అన్నిటి ఫోటోలూ ఎక్కించి బొల్లి ఫోటో మరిచిపోయి కాలేజీకి వెళ్లిపోయింది. మర్నాడు అంజన్న ఫోను చేశాడు.

"బొల్లి కనవడ్తలేదు బిడ్డా. నీ దాంట్ల మరిచినవేమో, జర సూడు."

నిరోష చూసింది, నాలుక కరుచుకుంది, ఫోటో ఎక్కించింది. బొల్లి కుడితి తొట్టి దగ్గర నిలబడి నెమరేస్తూ కనిపించింది. అంజన్నకు ఇందులో వింతేమీ తోచలేదు. డ్రైవరు మాట బస్సు వింటుంది, మోటారు మాట బోరు వింటుంది, మంద ఫోను మాట వింటే తప్పేముందీ? ఊళ్లోవాళ్లు కూడా అంతే అనుకున్నారు. ఉన్ని కత్తిరించిన రోజు మాత్రం ఇల్లంతా ఏడ్చింది. బొచ్చు పోయిన గొర్లను ప్రోగ్రాం పోల్చుకోలేదు, సగం దొడ్డి ఖాళీ. పోలిక కాస్త అటూ ఇటూగా ఉన్నా ఒప్పుకొమ్మని నిరోష దానికి నచ్చజెప్పాకే అవి తిరిగొచ్చాయి.

ఇంతలో హైదరాబాద్ నుంచి కబురొచ్చింది. కోడు రాసేవాళ్లు ఏడాదికోసారి తమకు తాముగా చందాలేసుకుని ఒక సభ పెట్టుకుంటారు. ఎవరు ఏం చేశారో అక్కడ నిలబడి చెప్పాలి. నిరోష ఏదో ధైర్యం వచ్చిన పూట దరఖాస్తు పంపింది. ఒప్పుకుంటారని కలలో కూడా అనుకోలేదు. ఒప్పుకున్నారు. పైగా ఆ దరఖాస్తులో 'మందను అప్పటికప్పుడు, అక్కడికక్కడే చూపిస్తాను' అని తనే రాసుకుంది. కోరి కొరివితో తల గోక్కోవడమంటే అదే.

సెలవుల్లో ఇంటికొచ్చిన పిల్లకు ఆ రోజు నుంచి అన్నం సయించలేదు. అందరి ముందూ నోరు తిరగకపోతే ఎలా అన్న భయం ఒకటైతే, అసలు భయం వేరే ఉంది. అంత పెద్ద తెర మీద ప్రోగ్రాం తడబడితే ఎవరైనా నవ్వి ఊరుకుంటారు. ఇక్కడ మాత్రం మంద పోతుంది. ఆ ఇంటికి ఉన్నదల్లా ఆ మందే.

"వీడియో తీస్కపోత నాయినా. మొన్న తీసిందే ఏస్త. ఫికరుండదు."

"గదేంది బిడ్డా, జీవాలను సూపిస్తనని చెప్పి బొమ్మను సూపిస్తవా?" అన్నాడు అంజన్న. "నేను గుట్టమీదికి తోల్కపోత. సిగ్నల్ ఆడ మంచిగుంటది. ఫోను పట్కొని నిలవడ్త. నా పనేమున్నది, నిలవడుడే గద."

"తప్పు వోతే?"

"తప్పు వోతే నువ్వే సక్కజేస్తవ్. ఎప్పుడు జెయ్యలేదా?"

ఆయనకు బిడ్డ మీద అంత నమ్మకం. ఆ నమ్మకమే నిరోషకు రాయిలా గుండె మీద కూర్చుంది.

కొత్తగా మాట్లాడేవాళ్లకు సాయంగా సభవాళ్లు ఒక్కొక్కరిని ఇస్తారు. నిరోషకు సాయికిరణ్ అనే అతన్ని ఇచ్చారు. మంచివాడే, ఓపిక ఉన్నవాడు. వీడియో కాల్లో ఆమె ప్రసంగం అంతా విని ముందుగా ఒకటడిగాడు.

"ప్రోగ్రాం మర్చిపోతే గొర్రెలు మాయమవుతాయన్నారు కదండీ. దానికి బ్యాకప్ ఏం పెట్టారు?"

"పాత ఫోటోలన్నీ ఉంచినండి."

"గుడ్," అని రాసుకున్నాడు.

రెండోసారి మాట్లాడినప్పుడు అతను అసలు తప్పు పట్టుకున్నాడు. అంజన్న పక్కింటి మేకపోతు దవడ పట్టుకుని ఫోను ముందు నిలబడితే, ప్రోగ్రాం తడుముకోకుండా 'బొల్లి' అని చెప్పింది. సాయికిరణ్ నవ్వలేదు. ఫోటోలన్నీ ఒకసారి పంపించమన్నాడు. పంపించింది. ప్రతి ఫోటోలోనూ గొర్రె కదలకుండా దవడ కింద చెయ్యి పెట్టి, భుజాన గొంగడితో అంజన్న ఉన్నాడు. సగం మొహం, ఒక చెయ్యి, కొన్నిట్లో నిండుగా మనిషి.

"నిరోష గారూ, ఇది గొర్రెను చూడట్లేదండీ. మీ నాన్నగారిని చూస్తోంది. ఆయన్ని అన్నిట్లోంచీ తీసేయండి."

నిరోష తీసేయడం మొదలుపెట్టింది. గొర్రె మొహం వరకు ఉంచి మిగతాది కత్తిరించడమే. పగలంతా అదే పని. పుష్ప బియ్యం చెరుగుతూ వెనక నిలబడి చూసింది.

"మీ నాయినను గట్ల ఎందుకు కోస్తున్నవే?"

"కోస్తలేనమ్మా, పక్కకు జరుపుతున్న. నాయిన ఉంటే దానికి గొర్రె గుర్తువడ్తలేదు."

"గొర్లకాడ మనిషి లేకుంటే నాకైతే మంచిగ అనిపిస్తలేదు."

"తియ్యనియ్యవే," అన్నాడు అంజన్న బయటి నుంచి. "నేనేమన్న గొర్రెనా?"

ముగ్గురూ నవ్వారు. కానీ నిరోషకు ఆ కత్తిరించిన ముక్కలను చెరిపేయడానికి మనసు రాలేదు. అసలు ఫోటోలను వేరే జాగాలో దాచుకుంది. ప్రోగ్రాం మాత్రం బాగుపడింది. ఇప్పుడు మేకను చూపిస్తే 'ఇది మనది కాదు' అంటోంది. అంజన్నను చూపిస్తే ఏమీ అనడం లేదు.

సభ నాటికి మిరుగం, అంటే మృగశిర కార్తె, వచ్చింది. కార్తె మొదట్లో మక్తల్ పక్క మబ్బు వచ్చిందంటే వానకంటే ముందు పిడుగు వస్తుంది. గొర్లకాపరులకు అది తెలుసు, వాళ్ల ఇళ్లల్లో ఆడవాళ్లకు ఇంకా బాగా తెలుసు. నిరోష హైదరాబాద్‌లో సభ హాలు మెట్ల మీద నిలబడి ఇంటికి ఫోను చేసింది.

"మబ్బు వడ్తాందా అమ్మా?"

"కృష్ణ దిక్కు నల్లగున్నది. మీ నాయిన గుట్ట ఎక్కిండు. ఇస్త్రీ అంగి ఏస్కొని పోయిండు."

తండ్రికి చేసింది. "నాయినా, మబ్బున్నదట. డెమో వద్దు. కిందికి దిగు, నేను వీడియో ఏస్త."

"గింత దూరమొచ్చినంక దిగుమంటవా? నీ ముచ్చట అయినంక దిగుత. నువ్వు తిన్నవా?"

ఆమె తినలేదు. తిన్నానని చెప్పింది. అప్పుడే ఇంకా గట్టిగా దిగిపొమ్మని ఎందుకు అనలేదా అని నిరోష తరవాత చాలాసార్లు అనుకుంది. నిజం ఏమిటంటే, ఆమెకు కూడా మందను చూపించాలనే ఉంది. భయం ఎంత ఉన్నా ఆశ దాని పక్కనే కూర్చుని ఉంటుంది.

పేరు పిలిచారు. హాలు నిండా మనుషులు. నాలుగు మాటలు అయ్యాక ఆమె తండ్రి ఫోనును తెర మీదికి కలిపింది. గుట్ట, పచ్చిక, గొర్లు. ఒక్కొక్క మొహం దగ్గరికి వస్తుంటే పక్కన పేరు పడుతోంది. బొల్లి పేరు పడగానే ఎవరో ఈల వేశారు. కుంటిది తెర నిండా వచ్చి నిలబడితే హాలంతా నవ్వింది. నిరోష ఒళ్లు తేలికైంది. ఎన్నో రోజుల తర్వాత ఆకలి కూడా వేసింది.

"మబ్బు మీదికొచ్చింది బిడ్డా," తెరలోంచి అంజన్న గొంతు. "ఇంకెంత సేపు?"

"అయిపోయింది నాయినా. దిగు. జల్ది దిగు."

తెర తెల్లగా అయింది. ఒక్క క్షణం. తర్వాత చప్పుడు వచ్చింది, హాల్లో పెట్టిన స్పీకర్లు పగిలేటంత. మళ్లీ బొమ్మ వచ్చేసరికి తెర మీద మబ్బు మాత్రమే ఉంది. ఫోను నేల మీద వెల్లకిలా పడి ఉంది. గొర్లు అరుస్తున్నాయి. పేర్ల పట్టీలో మంద మొత్తం ఉంది.

"నాయినా," అంది నిరోష మైకులో. "నాయినా, మాట్లాడు."

వాన చినుకు అద్దం మీద పడింది. అంజన్న మాట్లాడలేదు.

నిరోష ఏడవలేదు, పరుగెత్తలేదు. మక్తల్ అక్కణ్నుంచి ఎంత దూరమో ఆమెకు తెలుసు. ఆమె కుర్చీ లాక్కుని కంప్యూటర్ ముందు కూర్చుంది. అందరూ చూస్తున్న ఆ తెర మీదే ప్రోగ్రాం తెరిచింది. దాచిన అసలు ఫోటోలను, చెయ్యీ గొంగడీ సగం మొహమూ ఉన్నవాటన్నిటినీ, లోపలికి తెచ్చింది. కొత్త పేరు దగ్గర 'నాయిన' అని రాసింది. వేళ్లు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. నడిపించింది. ఎర్రగీత వచ్చింది, తప్పుంది అని.

ఆమెకు కళ్లు కనబడటం లేదు. తప్పు ఎక్కడుందో తెలియడం లేదు.

మూడో వరుసలో ఒకావిడ లేచి నిలబడింది. "కింది నుంచి నాలుగో లైను చూడమ్మా. బ్రాకెట్ మూయలేదు."

మూసింది. మళ్లీ ఎర్రగీత.

"ఫోటోల జాగా పేరు పాతదే ఉంది," అన్నాడు వెనక నుంచి ఇంకొకతను. "పైన మార్చాలి, పైన." సాయికిరణ్ అప్పటికే వేదిక ఎక్కి ఆమె పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఎక్కడో వేలు పెట్టి చూపించాడు. హాల్లో ఉన్న వాళ్లంతా ఆ తెరను చదువుతున్నారు, పెదవులు కదుపుతూ. ఇంత మంది కలిసి ఒకే కోడును చదవడం అక్కడ అంతకుముందు ఎప్పుడూ జరగలేదట.

ఈసారి ఎర్రగీత రాలేదు. ప్రోగ్రాం కొత్త మొహాన్ని నేర్చుకోవడం మొదలుపెట్టింది. తెర అడుగున ఒక పచ్చగీత మెల్లగా జరుగుతోంది. నేర్చుకోవడానికి దానికి పట్టే కాలం దానికి పడుతుంది, ఎవరు తొందరపెట్టినా వినదు. పైన మబ్బు ఉరుముతోంది, అద్దం మీద చినుకులు పెరుగుతున్నాయి. నిరోష రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని ఆ గీతను చూస్తూ కూర్చుంది. నోట్లో వాళ్ల కులదైవం పేరు మెదులుతూనే ఉంది.

గీత చివరికి చేరింది. పట్టీలో పేర్లు మళ్లీ పడ్డాయి. బొల్లి, నల్లచెవి, కుంటిది, దాని పిల్ల, మిగతావన్నీ వరసగా. అన్నిటి తర్వాత, కొంచెం ఆగి, 'నాయిన'.

తెర మీద మబ్బు కదిలింది. తడిసిన బొటనవేలు ఒకటి అద్దానికి అడ్డం వచ్చింది.

"ఉన్నవా బిడ్డా? చెవుల గుయ్యిమంటాంది. నువ్వేమన్నవో ఇనవడలే." దగ్గాడు. "గొంగడి అంత కమిలింది, సూడు. మీ అమ్మ తిడ్తది."

"దిగు నాయినా," అంది నిరోష.

"దిగుతున్న, దిగుతున్న."

మూడో వరుసలో ఆవిడ కూర్చుని కళ్లద్దాలు తుడుచుకుంది. సాయికిరణ్ మోకాళ్లు దులుపుకుని, చేతి గడియారం చూసి, ప్రశ్నలకు ఇంకా టైముందన్నాడు. ఒకతను చెయ్యెత్తాడు.

"మనిషిని చేర్చాక స్పీడు ఏమైనా తగ్గిందాండీ?"

"కొంచెం తగ్గిందండి," అంది నిరోష.

"పర్లేదు. అంత తగ్గినా పర్లేదు," అని రాసుకున్నాడతను.

చప్పట్లు ఇంకా అయిపోకముందే ఆమె వేదిక పక్క మెట్ల దగ్గరికి వచ్చి తల్లికి ఫోను చేసింది.

"ఎట్ల మాట్లాడినవ్ బిడ్డా? ఈడ పిడుగు వడ్డది, మీ నాయిన ఫోను కల్వక నా పానం పోయింది. గిప్పుడే గుట్ట దిగొచ్చిండు, మంద ముందలనే వచ్చింది. కాలినట్టు వాసనొస్తాంది మనిషి దగ్గర..."

"అమ్మా, నీ ఫోటో ఒకటి కావాలె."

"నా ఫోటో ఎందుకే?"

"నాయిన పక్కన నిలవడి దిగు. గొర్లు గూడ పడాలె."

"వానల? చీర అంత తడిసింది, తల జూస్తే గిట్లున్నది. రేపు మంచి చీర కట్కొని..."

"రేపు గాదు," అంది నిరోష. "గిప్పుడే. ఉన్నదున్నట్టు దిగు."

ఆ ఫోటో వచ్చేదాకా ఆమె కంప్యూటర్ మూయలేదు.