ములెంగాను తీసుకెళ్ళే దారిలో

కసొండే లారీని రౌండబౌట్ ముందు, ఆగాల్సిన గీత దగ్గర ఆపేశాడు. ముందున్న శవవాహనం ఆగలేదు. నాలుగు ఇండికేటర్లూ మిణుకుమంటుండగా చుట్టు తిరిగి శ్మశానం దారి పట్టింది. లారీ వెనక నిలబడి పాడుతున్న ఆడవాళ్ళ పాట తెగిపోయింది.

కిట్వే పట్టణంలో, నాలుగు ఇండికేటర్లూ వేసుకుని శవం వెంట వెళ్ళే బళ్ళు ఎక్కడా ఆగవు. మిగతావాళ్ళే ఆగాలి. పోయిన వారం ఇక్కడే, అలా ఆగకుండా దూసుకొచ్చిన శవయాత్ర కారొకటి కసొండే తమ్ముడి మినీబస్సును గుద్దింది. ఇప్పుడు ముందు బండిలో పెట్టెలో ఉన్నది ఆ తమ్ముడు ములెంగాయే.

వెనక పికప్పులోంచి మేనమామ కపంబ్వే దిగొచ్చాడు. "ఇంజిన్ పోయిందా, నీ బుర్ర పోయిందా?"

"కుడివైపు నుంచి బళ్ళొస్తున్నాయి మామయ్యా. ముందు అవి పోవాలి."

"వాడు ఒంటరిగా పోతున్నాడు, కనబడటం లేదూ?"

"వాణ్ణి పంపించింది ఎవడు? నీలాగే లైట్లేసుకుని వచ్చినవాడే కదా."

లారీ పైనుంచి మేనత్త తొంగిచూసింది. "పోనియ్యరా నాయనా. శ్మశానంలో పాస్టరుకి ఇవాళ ఇంకో శవం కూడా ఉందట, మనకోసం ఆగడు."

"ఇక్కడ గుద్దుకుంటే ఆయనకి ఇంకో ముప్ఫై శవాలు దొరుకుతాయి అత్తా."

కపంబ్వే విసురుగా వెళ్ళి పికప్పు ఎక్కాడు. అద్దంలో కసొండే చూశాడు. లారీని దాటిపోవడానికి పికప్పు కుడి వరుసలోకి వచ్చింది. అదే సమయంలో రాగి రేకులు మోసే పెద్ద ట్రక్కు చుట్టు తిరుగుతూ వస్తోంది. కసొండే స్టీరింగ్ కుడికి తిప్పి, లారీని కాస్త కదిపి పికప్పుకి అడ్డం పెట్టాడు. పికప్పు వచ్చి లారీ వెనక చక్రానికి కొట్టుకుంది. ట్రక్కు హారన్ మోగిస్తూ ముందు నుంచి పోయింది. దాని గాలికి ఆడవాళ్ళ తలగుడ్డలు ఎగిరాయి.

కపంబ్వే దిగాడు. వచ్చి లారీ తలుపు తెరిచి కసొండే చెంప మీద కొట్టాడు.

"ఇంకోటి కొట్టు," అన్నాడు కసొండే, ఇంజిన్ ఆపి తాళంచెవి జేబులో వేసుకుంటూ. "మీ అందరి లైట్లూ ఆరేదాకా ఈ లారీ కదలదు. ములెంగా పెట్టె మీద ఒట్టు."

మేనత్త లారీ దిగి, పికప్పు కిటికీలో చెయ్యి పెట్టి ఇండికేటర్లు ఆర్పింది. "ఇంకా నిలబడ్డావేం బావా, ఎక్కు," అంది. వెనక బళ్ళలో లైట్లు ఒక్కొక్కటీ ఆరాయి.

కుడివైపు ఖాళీ అయ్యాక కసొండే లారీని కదిలించాడు.

అవతల రోడ్డు పక్కన శవవాహనం వీళ్ళ కోసం ఆగి ఉంది. దాని లైట్లు ఇంకా మిణుకుమంటూనే ఉన్నాయి. కసొండే దాని పక్కనే లారీ ఆపి, దిగి, "ఆ లైట్లు ఆర్పు," అంటూ డ్రైవర్ కిటికీ మీద పిడికిలితో బాదాడు.