మోచేతి వెనక నరం

రాష్ట్రానికి మైసూరు పేరు పోయి కర్ణాటక అని వచ్చిన ఏడాది అది. ఆ వానాకాలంలో ఒక ఉదయం, బీదర్ బజారులో గాజులమ్మే జయమాల నిద్ర లేచేసరికి మోచేతి మీది మచ్చ ఎర్రగా ఉబ్బి కాలిపోతోంది.

నిన్నటిదాకా అది స్పర్శ లేని పాలిపోయిన మచ్చ. మిషన్ దవాఖానలో కుష్ఠు అని తేల్చి, ఎనిమిది నెలలుగా గోలీలు ఇస్తున్నారు. మచ్చ తగ్గుతూ వచ్చింది కూడా. ఇప్పుడిలా తిరగబడేసరికి మందు వికటించిందనుకుని గోలీలు మానేసింది. మూడోనాటికి చిటికెన వేలు పట్టు తప్పింది. ఎవరికో గాజులు తొడుగుతుంటే జారి పగిలాయి.

గురువారం మందుకు రాలేదని నర్సు రిబ్కా ఇంటికే వచ్చింది.

"జయమాలక్కా, గోలీలు బంద్ చేసినవా?"

"చేయక? మింగిన కొద్దీ పెరుగుతాంది. చూడు."

రిబ్కా మోచేతి వెనక తాకగానే జయమాల పళ్ళు బిగబట్టింది. నరం తాడులా వాచి ఉంది. "లే అక్కా, ఇప్పుడే పోదాం," అంది రిబ్కా. భర్త వెంకట్‌రావు దుకాణం మూసి వెంట నడిచాడు.

డాక్టర్ జీవరాజ్ పెద్దాయన. నిదానంగా చూశాడు.

"రోగం పెరగలేదమ్మా. మనకు సోకిన పురుగుల్ని చంపే బలం ఒంట్లనే ఉంటది. నీ ఒంట్ల అది ఇన్ని దినాలు వీటిని సరిగ పట్టలే. ఇప్పుడు ఒక్కసారే లేచి మీదవడ్డది. పురుగులు నరంల దాగినయి గద, దెబ్బ నరానికి గూడ తాకుతాంది."

"అంటే నా ఒళ్ళే నా చెయ్యిని పాడు చేస్తాందా, సాబ్?"

"కాపాడనీకే లేచింది. జోరు ఎక్కువైంది. ఆ జోరు తగ్గించే గోలీలు వేరే ఇస్త. పాతయి మాత్రం ఆపొద్దు. జోరు తగ్గినప్పుడు అవి లేకుంటే పురుగు మళ్ళ లేస్తది."

చేతికి కర్రబద్ద కట్టారు. మూడు నెలలు ఆ చెయ్యి కదపలేదు. రోజూ పొద్దున్నే వెంకట్‌రావే ఆమెకు జడ వేసేవాడు. వంకరగా వచ్చేది. ఆమె అలాగే దుకాణంలో కూర్చునేది. వాపు దిగింది, మచ్చ చల్లబడింది.

చలికాలంలో ఒకనాడు డాక్టరు ఆమె వేళ్ళ మధ్య కాగితం పెట్టి లాగాడు. జారలేదు. చిటికెన వేలు మాత్రం పూర్తిగా తిన్నగా రాలేదు.

"మళ్ళ గిట్ల వస్తదా?"

"రావచ్చు. వస్తే ఒక్క దినం గూడ ఆగకు."

జయమాల తలూపింది. నెలకు సరిపడా గోలీలు కొంగున ముడి వేసుకుని, వరసలో తన వెనక నిలబడ్డ ముసలామెకు దారి ఇచ్చింది.