సాక్సు లోపలి కొసలు

అల్లికలో నాకు వంక పెట్టేవాళ్ళు రేపల్లె మొత్తం మీద లేరు. గొప్పలు కాదు, నిజమే చెబుతున్నాను. అందుకే ఆ రోజు మా కోడలు దీవెన అడిగినదానికి ఒళ్ళు మండింది నాకు.

నెలన్నర మనవడికి ఊలు సాక్సులు అల్లాను. ఉండ మధ్యలో కంపెనీవాళ్ళు వేసిన ముడి ఒకటి తగిలింది. దాన్ని అలాగే అల్లేస్తే పసిపాదానికి ఒత్తుకుంటుంది. కత్తిరించి, సన్నగా నేనే మళ్ళీ ముడేసి, నాలుగు వేళ్ళ పొడవున కొసలు వదిలాను. మొదలంటా కత్తిరిస్తే ముడి ఊడిపోతుంది మరి. తర్వాత ఆ కొసల్ని సూదితో అల్లికలోకి దోపెయ్యాలి. రేపు చూద్దాంలే అని బద్ధకించాను.

“ఏంటత్తమ్మా, లోపల దారాలు వేలాడుతున్నాయి?” అంది దీవెన సాక్సు తిరగేసి.

“నాకు నేర్పొచ్చావా? ముందు పిల్లాడికి నీళ్ళు పొయ్యడం నేర్చుకో” అన్నాను. సాక్సులు నేనే తొడిగాను.

మర్నాడు తెల్లారిందగ్గర్నుంచీ వాడు ఒకటే ఏడుపు. వాము నీళ్ళు పట్టాను, పొట్టకి ఆముదం రాశాను. పాలైనా తాగడు. “సాక్సులు తీసి చూద్దామా అత్తమ్మా?” అంది దీవెన. “ఈ మంచులోనా? రొమ్ము పడిశం పట్టుకుంటే నువ్వు చూస్తావా?” అని కసిరాను. మా అబ్బాయి డ్యూటీలో ఉన్నాడు. మేమిద్దరమే వాణ్ణి ఎత్తుకుని, తెనాలిలో పిల్లల డాక్టరు దగ్గరికని పొద్దుటి రైలెక్కాం.

పెట్టెలో తలా ఒక సలహా. దిష్టి అన్నారొకరు, చెవిపోటు అన్నారొకరు. భట్టిప్రోలు దాటాక వాణ్ణి నా ఒళ్ళోకి తీసుకుని పాదాలు నిమిరాను. ఎడమ పాదం మీద చెయ్యి పడగానే కెవ్వుమన్నాడు. కుడి పాదం పట్టుకుంటే మామూలు ఏడుపే. మళ్ళీ ఎడమది పట్టుకున్నాను. మళ్ళీ కెవ్వు.

సాక్సు పైనుంచి తడిమితే వేలి దగ్గర గట్టిగా తగిలింది. అది నేను వదిలిన కొసేనని నా చేతులకి ఒకరు చెప్పాలా!

సాక్సు తియ్యాలి. తీస్తే దీవెన చూస్తుంది, అంతమందీ చూస్తారు. తెనాలిలో డాక్టరే తీస్తాడులే, నా పరువు కాస్త దక్కుతుందిలే అనుకున్నాను. వేమూరు వచ్చేదాకా, ప్రభువు నన్ను క్షమించాలి, ఆ పాదం మీద చెయ్యి వేసుకుని ఊరికే కూర్చున్నాను.

వేమూరులో వాడి ఏడుపు సన్నబడింది. ఏడవడానికి ఓపిక లేక మూలుగుతున్నాడు.

“నిద్ర పడుతున్నట్టుందత్తమ్మా” అంది దీవెన ఆశగా.

ఇక నా వల్ల కాలేదు. సాక్సును లాగకుండా, పై అంచు నుంచి తిరగేస్తూ మెల్లగా తీశాను. కొసల్లో ఒకటి రెండో వేలికి రెండు చుట్లు తిరిగి, వాడు తన్నుకున్నకొద్దీ ముడిపడి బిగుసుకుంది. వేలు ఉబ్బి నేరేడు పండులా ఉంది. సాక్సు దానికే వేలాడుతోంది.

“యేసయ్యా!” అని దీవెన ఆ దారం పట్టుకోబోయింది.

“లాగకే! లాగితే ఇంకా బిగుసుద్ది!”

“బ్లేడుందమ్మా, కోసెయ్యండి” అన్నాడు ఎదుటి సీటాయన.

“ఈ కుదుపుల్లో బ్లేడా? మతుండే అంటున్నావా నాయనా?”

ముడి వదలాలంటే కొసను వెనక్కి, ముడిలోకే తోయాలి. తోశాను. ముడి కదల్లేదు, చర్మంలోకి దిగిపోయింది. అప్పుడు పురి గుర్తొచ్చింది. మూడు పోగులు కలిపి మెలిపెట్టిన ఊలు అది. కొసను ఎదురు తిప్పాను. మెలి వీడి పోగులు వదులయ్యాయి. దీవెన జడపిన్ను గుండ్రటి వైపు దూర్చి ఒక పోగును పైకి లేపి, వంగి పళ్ళతో కొరికి తెంపాను. వాడు గింజుకున్నాడు. “కాలు గట్టిగా పట్టుకో!” అని అరిచాను. జంపని దగ్గర రెండోది తెగింది. మూడోది రెండుసార్లు జారిపోయింది. మూడోసారి దొరికింది, తెగింది. వాడు పెట్టెంతా అదిరేలా ఏడ్చాడు. ఆ ఏడుపు విని ఏడ్చేశాను.

“ఇంకో అరగంటైతే వేలు దక్కేది కాదమ్మా. ఎవరు తీశారోగానీ ఆ చేతులకి దండం పెట్టాలి” అన్నాడు తెనాలిలో డాక్టరు. మందు రాసి, కట్టు కట్టి, భయం లేదని పంపించాడు.

బయట బల్ల మీద కూర్చున్నాక దీవెన నా చేతులు తీసుకుని కళ్ళకద్దుకుంది. “మీరు లేకపోతే ఏమైపోయేవాళ్ళం అత్తమ్మా.”

నోరు మూసుకుంటే సరిపోయేది. మూతపడలేదు.

“భట్టిప్రోలు దాటగానే తెలిసింది నాకు” అన్నాను.

“ఏంటి?”

“ముడి చేతికి తగిలింది. నువ్వు చూస్తావని తియ్యలేదు. వేమూరు దాకా తియ్యలేదు.”

దీవెన నా చేతులు వదిలేసింది. వాణ్ణి గుండెకి పొదువుకుని వేలి కట్టు చూసుకుంది. పొద్దుట్నుంచీ దీవెనకి పచ్చి మంచినీళ్ళు కూడా లేవు. నేనే వెళ్ళి టీ తెచ్చి పక్కన పెట్టి, వాణ్ణి ఎత్తుకుందామని చేతులు చాచాను.

“వద్దండి, నేను ఎత్తుకుంటాను” అంది.

అత్తమ్మా అనలేదు. రైల్లో పక్క సీటు వాళ్ళతో అన్నట్టే అంది.