మావ అటక మీది పలకలు

ఆ ఏడు పడినంత మంచు మళ్లీ నేను చూడలేదు. మా కోడిపుంజు ఇంటికప్పు మీది నుంచి నడుచుకుంటూ పక్కూరికి సంబంధం వెతుక్కోడానికి పోయింది. ఓ దుప్పి మా పొగగొట్టంలోకి తొంగిచూసి, లోపలేం ఉడుకుతోందో వాసన పట్టింది. ఇది నమ్మకపోతే మానండి. ఇక చెప్పబోయేది మాత్రం నమ్మాలి.

అప్పటికి నేను ఇల్లరికం వచ్చి ఏడాది. మా ఆవిడ లెంపికి నెలలు నిండాయి. మా వైపు ఆడవాళ్లు కనేది ఇంట్లో కాదు, సౌనాలో. పెరట్లో దుంగలతో కట్టిన ఆ ఆవిరిగదిలోనే లెంపి పుట్టింది, వాళ్లమ్మా పుట్టింది. పొద్దున రాళ్లపొయ్యి ముట్టిస్తే మధ్యాహ్నానికి గానీ గోడలు వేడెక్కవు. దానికి బాగా ఎండిన కట్టెలుండాలి.

ఎండినవన్నీ సౌనా గోడ వారనే పేర్పించాడు మా మావ తావెత్తి.

"చూరు కిందొద్దు మావా, కప్పు మీది మంచు జారుతుంది" అన్నాను.

"ఈ కప్పు కొత్తగా వేసింది నేనల్లుడూ. నా మాట జవదాటదు."

జవదాటింది. ఒకరోజు కాస్త వెచ్చబడేసరికి మంచు మొత్తం జారి కట్టెల మీద పడింది. ఆ రాత్రి చలికి బండరాయిలా బిగిసింది. తెల్లారేసరికి లెంపికి నొప్పులు.

మంత్రసాని సైమా కాళ్లకి చెక్కబద్దలు కట్టుకుని మంచు మీద జారుకుంటూ వచ్చేసింది. "గది వేడెక్కిందా?"

"ఇంకా లేదు."

"మరి మంచుగడ్డ మీద కనమంటావా పిల్లని?"

గునపంతో పొడిచాను. పిడికెడు పెచ్చులు రాలాయి తప్ప ఒక్క కట్టె బయటపడలేదు. మిగిలింది మొన్న నరికిన భూర్జచెట్టు. గడ్డకట్టిన పచ్చి భూర్జకి గొడ్డలి చూపిస్తే చాలు, తనే విచ్చుకుంటుంది. కానీ పొయ్యిలో పెడితే బుసకొట్టి కన్నీళ్లు కార్చింది. రాళ్లు చల్లగానే ఉన్నాయి.

"వంటింట్లో కనెయ్యమ్మా" అన్నాడు మావ, నేల చూస్తూ.

బల్ల పట్టుకుని నిలబడ్డ లెంపి కస్సుమంది. "నీ చుట్టకంపులోనా నాన్నా? సౌనా వేడెక్కేదాకా నేను కదల్ను. బిడ్డా కదలదు."

"ఆ సంగతి బిడ్డకి చెప్పావా?" అంది సైమా. నవ్వుతూనే అంది గానీ, నా వైపు చూసిన చూపులో నవ్వు లేదు.

మావ అటకెక్కాడు. పైనుంచి దబ్బుదబ్బుమని వెడల్పాటి పైన్ పలకలు పడ్డాయి. మా ఊళ్లో ప్రతి ముసలాడూ తన శవపేటికకి పలకలు ముందే కోయించి ఆరబెట్టుకుంటాడు. తావెత్తి వాటి మీద ఉల్లిపాయ కూడా పెట్టనిచ్చేవాడు కాదు.

"మావా, ఇవి నీ పెట్టెవి."

"నాకు తెలీదేంటి? కొట్టు."

"రేపు నీకేమన్నా అయితే?"

"మంచులో నిలువుగా గుచ్చండి. వసంతం దాకా చెడిపోను. కొట్టరా, సన్నాసీ!"

కొట్టాను. చీలిన పలకలోంచి లేచిన ఆ బంక వాసన, ఇప్పుడు లెంపి లేని ఈ ఇంట్లో కూడా, ఏ కట్టె చీల్చినా ఒక్కోసారి వచ్చి పలకరిస్తుంది. ప్రతి చీలికా మావే అందుకుని పొయ్యిలో పెట్టాడు. చివరి పలకని అరచేత్తో ఒకసారి నిమిరి, మొద్దు మీద నిలబెట్టి, గొడ్డలి కోసం నా వైపు చెయ్యి చాపాడు.

మధ్యాహ్నానికి రాళ్ల మీద నీళ్లు చల్లితే చుయ్యిమన్నాయి. నేను మంచు తవ్వి తీసిన దారిలో, లెంపి తండ్రి భుజం పట్టుకుని, మా ఇద్దర్నీ కలిపి తిడుతూ నడిచివెళ్లింది.

మగాళ్లకి లోపల పని లేదు. ఇద్దరం బయట మంచుగట్టు మీద కూలబడ్డాం. మావ చుట్ట నోట్లో పెట్టుకుని ముట్టించడం మర్చిపోయాడు.

కేరుమంది.

సైమా తలుపు తీసింది. "ఆడపిల్ల. గొంతు మీ ఇద్దరి కంటే పెద్దది."

మావ టోపీ తీశాడు. "లోపల వేడి సరిపోయిందా?"

"దండిగా."

"మరి తలుపు మూయవేంటమ్మా, చలిగాలి లోపలికి పోతోంది" అని కసిరి, అడివి వైపు మొహం తిప్పుకున్నాడు.