ఫార్వర్డ్ కాని దరఖాస్తు

కాలేజీ ఆఫీసులో స్కాలర్‌షిప్పుల కిటికీ వెనక కూర్చునే గుమాస్తాకి పిల్లలు పెట్టిన పేరు 'రేపు సారు'. ఏ కాగితం ఇచ్చినా దాన్ని అటూ ఇటూ తిప్పి, కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, "రేపు రామ్మా" అనేవాడు. ఆ పేరు ఆయన చెవినా పడింది. నవ్వి ఊరుకున్నాడు. పాతికేళ్ళ సర్వీసులో ఎవరి దగ్గరా చెయ్యి చాపలేదు. బద్ధకం కూడా ఒక తప్పేనని ఆయనకి ఎప్పుడూ తోచలేదు.

ప్రభుత్వం ఇచ్చే ఫీజు సాయానికి పిల్లలు ఆన్‌లైన్లో దరఖాస్తు పెట్టుకుని, కాగితాలు తెచ్చి కాలేజీలో ఇవ్వాలి. గుమాస్తా వాటిని సరిచూసి కంప్యూటర్లో 'ఫార్వర్డ్' నొక్కితేనే పై ఆఫీసుకి వెళ్తాయి. గడువు దాటితే ఎంత నొక్కినా కదలవు.

నిరుడు ఆఖరి రోజున వెల్డింగ్ మేస్త్రీ కూతురి దరఖాస్తు ఆయన సొరుగులో ఉండిపోయింది. రెండో సంవత్సరం చదివే పిల్ల. ఆదాయం సర్టిఫికెట్ మీద ముద్ర సరిగా పడలేదని మూడుసార్లు తిప్పి పంపాడు. నాలుగోసారి కొత్తది తెచ్చింది. "సరే, చూస్తాలే" అని సొరుగులో వేసి, బావమరిది కొన్న ఫ్లాటు చూడ్డానికని మధ్యాహ్నమే ఇంటికి వెళ్ళిపోయాడు. మర్నాడు సొరుగు తెరిచేసరికి కాగితం అక్కడే ఉంది, గడువు దాటిపోయింది.

నెల తర్వాత ఆ పిల్ల వచ్చి అడిగితే నోటికొచ్చింది అనేశాడు.

"పై నుంచే రిజెక్ట్ చేశారమ్మా. మన చేతుల్లో ఏముంది?"

ఆమె ఎందుకని అడగలేదు. తలూపి వెళ్ళిపోయింది. ఆ తర్వాత కాలేజీలో కనపడలేదు.

ఏడాది గడిచింది. ఒకరోజు పొద్దున్నే భార్యకి రక్తపరీక్ష చేయించడానికి ల్యాబుకి వెళ్ళాడు. కౌంటర్లో పేర్లు రాసుకుంటున్న అమ్మాయి తలెత్తి, చటుక్కున లేచి నిలబడింది.

"సార్, బాగున్నారా? గుర్తుపట్టారా?"

పట్టాడు. పట్టనట్టు నిలబడ్డాడు.

"ఆంటీ, సారు నా స్కాలర్‌షిప్ కోసం చాలా కష్టపడ్డారు. కాగితంలో ఒక్క పొరపాటు కూడా ఉండకూడదని నాలుగుసార్లు చూశారు. నాకే రాసిపెట్టి లేదు."

"చదువు మానేశావా అమ్మా?" అంది భార్య.

"ఫీజు కట్టలేకపోయాం. మా నాన్న ఇప్పటికీ నమ్మడు ఆంటీ. 'గవర్నమెంటు ఊరికే కాదంటుందా? నువ్వే ఏదో తప్పు రాసుంటావు, లేదా మార్కులు దాచుంటావు' అంటాడు." నవ్వుతూనే చెప్పింది. "మీరు కుడిచేతి గదిలో కూర్చోండి."

బయటికొచ్చాక భార్య మురిసిపోయింది. "ఇంత మంచి పేరు తెచ్చుకున్నారు. ఇంట్లో ఒక్క మాటైనా చెప్పరేమండీ?"

ఆయన గబగబా ముందుకి నడిచాడు. రిజెక్ట్ అయిందని చెప్పినప్పుడు నెపం ఎవరో పై అధికారి మీదికి పోయిందనుకున్నాడు. అది ఆ పిల్ల నెత్తినే పడిందని ఆ పొద్దునే తెలిసింది. రాత్రి కంచం ముందు కూర్చుని రెండు ముద్దలు కెలికి లేచిపోయాడు. చివరికి భార్యకి జరిగిందంతా చెప్పాడు.

"నాతో చెప్పి ఏం లాభం? వాళ్ళ నాన్నతో చెప్పండి," అంది.

ఆదివారం పాత ఫైల్లో అడ్రసు పట్టుకుని వెళ్ళాడు. రెండు గదుల ఇల్లు. మేస్త్రీ గుమ్మంలో కూర్చుని చేతికి మందు రాసుకుంటున్నాడు. కాలేజీ నుంచి అనగానే కంగారుగా లేచి కుర్చీ తుడిచాడు. ఆ పిల్ల మంచినీళ్ళు తెచ్చింది. గుమాస్తా గ్లాసు తీసుకుని పక్కన పెట్టాడు.

"మీ అమ్మాయి దరఖాస్తు రిజెక్ట్ కాలేదండీ. అసలు వెళ్ళనే లేదు. నేను పంపడం మర్చిపోయాను. తర్వాత అబద్ధం చెప్పాను."

తిడతాడని ఎదురుచూశాడు. మేస్త్రీ ఆయన వైపు చూడనే లేదు. కూతురి వైపు తిరిగాడు.

"ఏడాదిగా నిన్నే అన్నాను కదమ్మా," అన్నాడు.

ఆ పిల్ల మొహంలో ల్యాబులో చూసిన నవ్వు లేదు. "ఈ మాట కాగితం మీద రాసిస్తారా?" అంది. సార్ అనలేదు.

"రాస్తాను."

సోమవారం రాసిచ్చాడు. ప్రిన్సిపాల్ రెండుసార్లు చదివాడు. "సర్వరు పనిచేయలేదని రాస్తే పోయేదిగా! కోరి మెడకి చుట్టుకుంటున్నావేమయ్యా?"

"సర్వరు బాగానే పనిచేసింది సార్."

గడువు దాటినా, తప్పు ఆఫీసుదని రాతలో తేలితే పై ఆఫీసు దరఖాస్తును మళ్ళీ తెరిచే వీలుంది. మూడు నెలలు పట్టింది. ఈలోగా ఆయనకి మెమో వచ్చింది, ఇంక్రిమెంటు ఆగింది, కిటికీ దగ్గర్నుంచి తీసి రికార్డు రూములో వేశారు. తోటివాళ్ళు కొందరు పిచ్చివాడన్నారు, కొందరు మాట్లాడటం తగ్గించారు. ఏదీ ఎక్కువనిపించలేదు ఆయనకి.

సాయం మంజూరై ఆ పిల్ల తిరిగి కాలేజీలో చేరింది, తనకన్నా చిన్నవాళ్ళ పక్కన. ఒకరోజు పాత మార్కుల జాబితా కోసం రికార్డు రూముకి వచ్చింది. ఆయన వెతికి ఇచ్చాడు. క్షమించమని అడగడానికి మాట కూడదీసుకుంటుంటే ఆమే అడిగింది.

"ఆ సొరుగులో ఉన్నది నాదొక్కటేనా?"

ఆయన ఎప్పుడూ చూసుకోలేదు.

ఆమె జాబితా తీసుకుని వెళ్ళిపోయింది. ఆయన నిచ్చెన వేసి పై అర నుంచి పాత ఏళ్ళ కట్టలు దింపాడు. వచ్చిన దరఖాస్తుల పేర్లు ఒక పక్క, పంపినవాటి పేర్లు ఇంకో పక్క పెట్టుకుని వేలితో కిందికి జరుపుతూ పోయాడు. మొదటి కట్టలోనే, పంపినవాటిలో లేని ఒక పేరు దగ్గర వేలు ఆగింది. మొహం ఎంత గుర్తు చేసుకున్నా రాలేదు. తెల్లకాగితం తీసి ఆ పేరు, కింద అడ్రసు రాసుకుని, రెండో కట్ట విప్పాడు.