రెండో కడవ

ఆలూరు తాలూకా కచేరీ వసారాలో రెండు కడవలు ఉండేవి. పొద్దున గుమాస్తాలు వస్తూనే మొదటి కడవ చుట్టూ చేరేవాళ్లు. కలెక్టరు దొర క్యాంపు గురించి, రాని వానల గురించి, ఎవరింట్లోనో పెండ్లి గురించి మాట్లాడుకునేవాళ్లు. ఆ మాటలన్నీ నీళ్లలో ఊరేవి. మధ్యాహ్నం చెంబు ముంచుకొని తాగితే అవే చెవిలో పలికేవి.

"ఈ పొద్దు నీళ్లు శానా చప్పగా ఉండాయప్పా, అంతా ఎండ మాటే" అని హెడ్డు గుమాస్తా సుబ్బయ్య విసుక్కునేవాడు.

రెండోది ముసల్మానుల కడవ. దాంట్లో తాగేది నకళ్లు రాసే లాల్ అహమ్మద్ ఒక్కడే. నలభై అయిదేళ్ల మనిషి. భార్య పోయి పదకొండేళ్లయింది. "ఏం సాహెబూ, బాగుండావా?" అని అందరూ అడిగేవాళ్లు, జవాబు కోసం ఎవరూ ఆగేవాళ్లు కాదు. అతను తాగే నీళ్లలో ఏ మాటా ఉండేది కాదు.

ఆ ఏడు చలికాలంలో, ఆ కడవ నింపే ముసలి మదార్ సాహెబ్ చనిపోయాడు. అతని కూతురు నబీసా, మొగుడు పోయిన మనిషి, తెల్లారకముందే వచ్చి నీళ్లు పోసిపోవడం మొదలుపెట్టింది. ఆ మొదటిరోజు మధ్యాహ్నం లాల్ అహమ్మద్ చెంబెత్తి తాగాడు.

"యా అల్లా, మోకాళ్లు పట్టుకపోతాండాయి" అంది ఒక ఆడగొంతు.

అతను ఇంకో చెంబు తాగాడు.

ఆ సాయంత్రం అందరూ వెళ్లాక కడవ మీదికి వంగి, "నీళ్లు చల్లగా ఉండాయి" అన్నాడు. ఇంకేం చెప్పాలో తోచక, "రొట్టెలు నేనే చేసుకుంటా. సగం మాడిపోతాయి" అన్నాడు.

కొత్త నీళ్లు పోసేముందు అడుగున మిగిలినవి నబీసా తాగేది. తెల్లారి అతని చెంబులో నవ్వు వినిపించింది. "మంట తగ్గించాల" అంది.

అట్లా మూడు నెలలు. ఎదురుపడితే మాటలు ఆగిపోతాయేమోనని అతను ఒక్కరోజు కూడా ముందుగా రాలేదు.

ఎండలు ముదిరాక ఒక పొద్దున నీళ్లు ఇట్లా అన్నాయి: "బావి ఎండిపోయింది. కర్నూల్లో మా అక్క రమ్మంటాంది. ఈ పొద్దే మద్దిలేటి బండిలో పోతాండా."

లాల్ అహమ్మద్ ఎవరికీ చెప్పకుండా వసారా దిగాడు. చెప్పులు కూడా తొడుక్కోలేదు. ఊరి చివర బండి కనిపించింది.

"ఆపప్పా!"

మద్దిలేటి ఎద్దుల్ని నిలిపాడు. లోపల ముసుగులేసుకున్న ఆడవాళ్లు ముగ్గురు ఉన్నారు. ఎవరు నబీసానో అతనికి తెలియలేదు.

"పోవద్దు" అన్నాడు, ముగ్గురితోనూ.

ఇద్దరు కిసుక్కుమన్నారు. మూడో ఆమె నవ్వలేదు.

"పోకుండా ఈడ ఏం చేయాల?"

"నన్ను నిఖా చేసుకో."

మద్దిలేటి ముఖం అవతలికి తిప్పుకున్నాడు. ఆమె మొదట తన మూట అందించింది. అతను దాన్ని చంకన పెట్టుకున్నాక, దిగడానికి చెయ్యి చాచింది.