కొసన కుప్పపడ్డ ముక్కలు

"రొట్టె పిండి పొంగించే ఈస్టుకి కూడా ఇంత చదువు కావాలామ్మా?" అంది అత్తగారు, గుమ్మంలో నిలబడి. కోడలు ఈ ఇంట్లో కాలుపెట్టినప్పటి నుంచీ ఆవిడ వేస్తున్న జోకే ఇది. ఇన్నేళ్ళయినా అరిగిపోలేదు. కోడలు నవ్వకుండా మొగుడి చొక్కా కాలరు మీద ఇస్త్రీపెట్టె గట్టిగా నొక్కింది. ఇవాళ ఆ చొక్కా వేసుకునే అతను ల్యాబులో పెద్దల ముందు నిలబడి, ఈస్టు క్రోమోజోము ఒకటి మొదలు నుంచి కొసదాకా చదివేశామని ప్రకటించబోతున్నాడు. చదివింది మాత్రం ఇస్త్రీ చేస్తున్న మనిషి.

చదవడమంటే పుస్తకం చదివినట్టు కాదు. డీఎన్‌ఏని ముక్కలు చేసి, ఒక్కో ముక్కలో అక్షరాలు చదివి, ఒకదాని చివర ఇంకోదాని మొదలుతో కలిసే చోట అతికించుకుంటూ పోవాలి. అతికించే పని కంప్యూటరుదే. కానీ క్రోమోజోము కొస దగ్గర ఒకే వరుస మళ్ళీ మళ్ళీ వస్తుంది. వచ్చిందే వస్తుంటే కంప్యూటరుకి తేడా తెలియదు. అన్నిటినీ ఒకదాని మీద ఒకటి కుప్పేసి, ఉన్నది ఒక్కటే అనేస్తుంది. ఆ కుప్ప మరీ ఎత్తుగా ఉందేమిటని మొదట అనుమానపడింది ఆమే. పొడుగాటి ముక్కలు చదివితే గాని తేలదని పట్టుబట్టిందీ ఆమే. డీఎన్‌ఏ తెగిపోకుండా గొట్టాన్ని పసిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని, నెలల తరబడి తంటాలు పడితే తేలింది, అక్కడ ఆ వరుసలు ఐదున్నాయని.

కంప్యూటరుని తిట్టడానికి నోరు రాలేదు. ఇంట్లో జరుగుతున్నదీ అదేగా. నిన్న కడిగిన గిన్నెలు, ఇవాళ కడిగినవి, రేపు కడగబోయేవి, అన్నీ ఒకటే కుప్ప. "పొద్దస్తమానం ఏం చేశావ్?" అని అడిగితే చెప్పడానికి ఒక్క పనీ మిగలదు. ఇలాగే ముసలిదాన్నయిపోతానని ఒక్కోసారి గుండె జారిపోతుంది.

ఐదు సంగతి నిన్న సాయంత్రమే మొగుడికి చెప్పింది. ల్యాబులో కూడా ఆమెకి పైఅధికారి అతనే.

"ఇప్పుడా చెప్పేది? వాయిదా వేస్తే నా పరువేం కావాలి? ఒకటనే ఉంచెయ్. ఎవరు లెక్కపెట్టొచ్చారు?"

"తప్పు కదండీ."

"తప్పయితే తర్వాత దిద్దుకుందాం."

"రేపు తెర మీద చూపించే పేర్లలో నాది కనపడలేదు."

"నా పేరుంటే నీదీ ఉన్నట్టేగా. మనిద్దరం వేరా ఏంటి?" అని బుగ్గ గిల్లాడు. పెళ్ళయిన కొత్తలో ఆ మాటకి మురిసిపోయేది. నిన్న ఏడుపొచ్చింది. ఏడవడానికి తీరిక లేక పొయ్యి మీది గిన్నె దించింది.

మీటింగు హాల్లో ఆమెకి చివరి వరుసలో కుర్చీ దొరికింది. ముందు తెర పక్కన చొక్కా మిలమిల్లాడుతోంది, లోపలి మనిషి ఊపుమీదున్నాడు. అంతా అయ్యాక, వేరే ల్యాబు నుంచి వచ్చిన పెద్దావిడ కళ్ళజోడు సర్దుకుంది.

"కొసన ముక్కలు మరీ పోగుపడ్డాయే. అక్కడ నిజంగా ఒకటేనా?"

"ఒకటేనండీ," అన్నాడతను తడుముకోకుండా. అంటూనే భార్య వైపు చూశాడు. ఇంటికి ఎవరైనా వచ్చినప్పుడు, లోపలికెళ్ళి టీ పట్రమ్మని చూసే చూపే అది.

ఆ చూపుకి ఆమె అలవాటుగా లేచింది. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు. ఇంట్లో మొహాలు ఎలా మాడిపోతాయో మాత్రం బాగా తెలుసు.

"ఒకటి కాదండీ, ఐదు. చదివింది నేను."

హాలంతా వెనక్కి తిరిగింది. అతను నవ్వు తెచ్చిపెట్టుకున్నాడు. "మా ఆవిడలెండి. ఇంటికెళ్ళాక మేం మాట్లాడుకుంటాం." ఎవరో నవ్వారు కూడా.

"ఇంట్లో మాట్లాడేదేం లేదు," అంటూ ఆమె తెర దగ్గరికి నడిచింది. "ఐదూ ఇక్కడే చూపిస్తాను. మీరు కాస్త పక్కకి జరగండి."